పిల్లల పళ్ళకి క్లిప్పులు: మొదటిసారి చూపించడం నుంచి రిటైనర్ దాకా

మా ఇంట్లో ఇద్దరు పిల్లలకీ క్లిప్పులు పడ్డాయి. అమ్మాయికి 14వ ఏట, అబ్బాయికి 12వ ఏట. అమ్మాయి విషయంలో చేసిన పొరపాట్లు తమ్ముడి వంతు వచ్చేసరికి మాకు బాగా పనికొచ్చాయి. ఇన్నేళ్ళు ఆ కుర్చీ పక్కన కూర్చున్నాక నాకు తెలిసొచ్చింది ఒకటే. డాక్టర్ చేతిలో పిల్లల నోరు ఉండేది ఆరు వారాలకోసారి ఓ పావుగంట. మిగతా కాలమంతా అది మన ఇంట్లోనే ఉంటుంది. అందుకే కింద రాసిన దాంట్లో ఇంటి సంగతులే ఎక్కువ.

1. ఏడేళ్ళకే ఒకసారి చూపించండి

"పాలపళ్ళన్నీ ఊడనీ, అప్పుడు చూద్దాం" అని చాలామంది అంటారు. మేమూ అదే అనుకున్నాం. అమెరికాలోని ఆర్థోడాంటిస్టుల (పళ్ళ వరస సరిచేసే డాక్టర్ల) సంఘం మాత్రం 7 ఏళ్ళు వచ్చేసరికే ఒకసారి చూపించమంటుంది. ఆరో ఏట పాలపళ్ళ వెనకాల మొదటి శాశ్వత దవడ పళ్ళు వస్తాయి, ముందు పళ్ళు మారడం మొదలవుతుంది. పై దవడ, కింది దవడ ఒకదాని మీద ఒకటి ఎలా కూర్చుంటున్నాయో, రాబోయే పళ్ళకి చోటుందో లేదో అప్పటికే చాలావరకు తెలిసిపోతుంది. చూపించడమంటే క్లిప్పులు వేయించడం కాదు. ఎక్కువమందికి "ఇప్పుడేం అక్కర్లేదు, ఏడాదాగి రండి" అనే చెబుతారు. ఆ మాట వినడానికైనా వెళ్ళాలి.

మేం వెళ్ళకపోవడం వల్ల ఏమైందో చెబుతాను. మా అమ్మాయికి 13 నిండినా ఎడమవైపు పై పాల కోరపన్ను ఊడలేదు. గట్టి పన్ను అని మురిసిపోయాం కూడా. తీరా ఎక్స్‌రే తీస్తే, దాని కింద రావాల్సిన అసలు కోరపన్ను అంగిలిలో అడ్డంగా పడుకుని ఉంది. పై కోరపన్ను ఇలా దారి తప్పడం నూటికి ఇద్దరిలో కనిపించేదే. మామూలుగా అది 11, 12 ఏళ్ళకి వస్తుంది. పదేళ్ళ వయసులోనే పై పెదవి ఎత్తి, పాల కోరపన్ను పైన చిగురు మీద వేలితో తడిమితే చిన్న ఉబ్బు తగలాలి. తగలకపోయినా, ఒక పక్కే తగిలినా ఎక్స్‌రే తీయించాలి. ఆ వయసులో పాల కోరపన్ను పీకేస్తే చాలామందిలో అసలు పన్ను తనంతట తానే దారికొస్తుంది. మాకు ఆ గడువు దాటిపోయింది. చిగురు కోసి, పన్నుకి సన్నటి గొలుసు అతికించి, నెలల తరబడి కొంచెం కొంచెంగా కిందికి లాగారు.

ఇంట్లో మీరే చూడగలిగినవి ఇంకొన్ని ఉన్నాయి. పిల్లల్ని వెనక పళ్ళు ఆనేలా నోరు మూయమని, పెదాలు పక్కకి లాగి, ఫోన్ టార్చి వేసి చూడండి. పై పళ్ళు కింది పళ్ళకి కాస్త బయటివైపు ఉండాలి, గిన్నె మీద మూత కూర్చున్నట్టు. ఎక్కడైనా పై పన్ను కింది పన్నుకి లోపలివైపు పడుతుంటే గుర్తుపెట్టుకోండి. నోరు మూసేటప్పుడు గడ్డం ఓ పక్కకి జారుతుందా? వెనక పళ్ళు ఆనినా ముందు పళ్ళ మధ్య సందు మిగులుతుందా? కుడివైపు పన్ను వచ్చి ఆరు నెలలైనా ఎడమవైపు దాని జోడీ రాలేదా? ఏదో దెబ్బ తగిలో, పుచ్చిపోయో పాలపన్ను ముందే ఊడిపోయిందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా 7 ఏళ్ళు వచ్చేదాకా కూడా ఆగక్కర్లేదు.

కంగారు పడక్కర్లేనిదీ ఒకటుంది. 8 నుంచి 11 ఏళ్ళ మధ్య పై ముందు పళ్ళు రెండూ విసనకర్రలా విడిపోయి, మధ్యలో సందు వస్తుంది. లోపల దిగుతున్న కోరపళ్ళు పక్క పళ్ళ వేళ్ళని నొక్కడం వల్ల అలా అవుతుంది. కోరపళ్ళు బయటికొచ్చాక ఆ సందు చాలామందిలో దానంతటదే మూసుకుంటుంది. వీడియోల్లో చూసి ఆ రెండు పళ్ళకీ రబ్బరు బ్యాండు చుట్టడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. పన్ను పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి బ్యాండు మెల్లగా చిగురు లోపలికి జారి, కంటికి కనిపించకుండా ఎముకని తినేస్తుంది. అలా నిక్షేపంలాంటి రెండు పళ్ళూ పోగొట్టుకున్న పిల్లలున్నారు.

2. ఇప్పుడా, తర్వాతా?

దీనికి అందరికీ కలిపి ఒక సమాధానం లేదు, సమస్యని బట్టి ఉంటుంది. కొన్నిటికి వయసే మందు.

పై దవడ ఇరుకుగా ఉండి వెనక పళ్ళు లోపలికి పడుతుంటే తొందరగా చేయించాలి. అంగిలి మధ్యలో రెండు ఎముకల అతుకు చిన్నప్పుడు మెత్తగా ఉంటుంది, టీనేజీ గడిచేకొద్దీ గట్టిపడుతుంది. ఆ అతుకు మెత్తగా ఉన్నప్పుడే ఎక్స్‌పాండర్ అనే పరికరం పెట్టి, చిన్న తాళంచెవితో తిప్పుతారు. ఒక్కో తిప్పుకి పావు మిల్లీమీటరు. తిప్పేది మీరే, ఇంట్లోనే. రోజులు గడిచేకొద్దీ పై ముందు పళ్ళ మధ్య సందు పడుతుంది. బెదిరిపోకండి, దవడ విచ్చుకుంటోందనడానికి అదే గుర్తు.

కింది దవడ ముందుకొచ్చి పైది వెనకబడిన పిల్లలకి ముఖానికి తగిలించే మాస్కుతో పై దవడని ముందుకు లాగుతారు. అది దాదాపు పదేళ్ళలోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. వేలు చీకే అలవాటు శాశ్వత పళ్ళు రాకముందే మానిపించగలిగితే చాలా వంకరలు వాటంతటవే సర్దుకుంటాయి.

ఎత్తుపళ్ళ సంగతి దగ్గరే తల్లిదండ్రులు ఎక్కువ తికమకపడతారు. ఎనిమిదేళ్ళకే మొదలుపెట్టమని ఒకరంటారు, పన్నెండు దాకా ఆగమని ఇంకొకరంటారు. పరిశోధనలు చెప్పేదేమిటంటే, ముందుగా మొదలుపెట్టి రెండు విడతల్లో చేసినా, టీనేజీలో ఒకే విడతలో చేసినా చివరికి పళ్ళు కుదిరే తీరులో పెద్ద తేడా లేదు. ముందుగా చేస్తే పడినప్పుడు ముందు పళ్ళు విరిగే ప్రమాదం మాత్రం తగ్గుతుంది. కాబట్టి నా ఉద్దేశం ఇది. పిల్లాడు రోజూ ఎక్కడో ఒకచోట పడొచ్చే రకమైనా, బడిలో ఏడిపిస్తున్నారని ముడుచుకుపోతున్నా ముందుగా చేయించండి. లేదంటే ఎత్తు పెరిగే వయసు దాకా ఆగండి. ఆ పెరుగుదల ఆడపిల్లల్లో 12 ఏళ్ళ దగ్గర, మగపిల్లల్లో 14 దగ్గర జోరందుకుంటుంది. కింది దవడ వెనకబడి ఉంటే ఆ ఊపునే వాడుకుంటారు.

మావాడికి పెట్టింది ట్విన్ బ్లాక్. స్కాట్లాండ్‌కి చెందిన విలియం క్లార్క్ 1977లో రూపొందించిన పరికరం అది. పైనొకటి, కిందొకటి రెండు ప్లాస్టిక్ దిమ్మెలు. నోరు మూస్తే కింది దవడ ముందుకొచ్చి ఆగుతుంది. మొదటి వారం చొంగ కారింది, "స" పలకలేకపోయాడు, ఫోన్ ఎత్తడం మానేశాడు. రోజూ అరగంట పుస్తకం పైకి చదివించాం. పదో రోజుకి మాట మామూలైపోయింది.

దవడల్లో తేడా లేకుండా పళ్ళు మాత్రమే ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటే, శాశ్వత పళ్ళన్నీ వచ్చేదాకా, అంటే సుమారు 12 ఏళ్ళ దాకా ఆగడమే మేలు.

3. మొదలుపెట్టే ముందు అడగాల్సినవి

నోరంతా ఒకేసారి కనిపించే ఎక్స్‌రే, తలని పక్కనుంచి తీసే ఎక్స్‌రే, ఫోటోలు, పళ్ళ అచ్చు లేదా స్కాన్ తీస్తారు. ఇవేవీ లేకుండా నోట్లోకి ఓసారి తొంగిచూసి "సోమవారం క్లిప్పులు వేసేద్దాం" అనేవాళ్ళ దగ్గర ఆగకండి. పిప్పి పళ్ళు, చిగుళ్ళ వాపు ఉంటే ముందు అవి బాగవ్వాలి.

తర్వాత కూర్చుని అడగండి. ఏం సరిచేయబోతున్నారు? చేయకపోతే ఏమవుతుంది? ఇంకో దారి ఉందా? ఎంత కాలం? మధ్యలో బ్రాకెట్ (పంటికి అతికించే చిన్న బిళ్ళ) ఊడితే ఖర్చు ఎవరిది? క్లిప్పులు తీశాక పళ్ళు మళ్ళీ కదలకుండా పెట్టుకునే రిటైనర్ ఖర్చు ఇందులోనే కలిసిందా? "చేయకపోతే ఏమవుతుంది" అన్న ప్రశ్నకి ఇచ్చే జవాబులో డాక్టర్ నిజాయితీ తెలిసిపోతుంది. కొన్నిసార్లు "ఏమీ కాదు, అందం కోసమే" అంటారు. అదీ సరైన కారణమే, కాకపోతే తెలిసి నిర్ణయించుకోవాలి. పంటి వేళ్ళ కొసలు కొద్దిగా అరగడం క్లిప్పులు వేసుకున్న చాలామందిలో జరుగుతుంది. ఎక్కువమందికి దానితో ఇబ్బంది ఉండదు. దాని గురించి అడక్కుండానే చెప్పే డాక్టరంటే నాకు గురి.

పళ్ళు పీకాలంటే ఇంటిల్లిపాదీ గొడవ. మంచి పన్ను ఎందుకు పీకించాలి అని మా అత్తగారు వారం రోజులు మాట్లాడలేదు. సాధారణంగా తీసేది కోరపన్ను వెనకున్న చిన్న దవడ పన్ను. ఒక్కొక్కటీ దాదాపు 7 మిల్లీమీటర్ల వెడల్పు. దవడలో చోటు బాగా తక్కువైనా, ముందు పళ్ళని వెనక్కి లాగాల్సి వచ్చినా ఆ జాగా అవసరమవుతుంది. అందరికీ అవసరం రాదు. అనుమానం ఉంటే ఎక్స్‌రేలు పట్టుకెళ్ళి ఇంకొకరికి చూపించండి. ఇద్దరు మంచి డాక్టర్లు రెండు రకాలుగా చెప్పడం ఈ వైద్యంలో అరుదేమీ కాదు. ఇద్దరినీ "ఎందుకు" అని అడిగితే మీకే తేలుతుంది.

ఆరు నెలల్లో అయిపోతుందంటే నమ్మకండి. పూర్తి వైద్యానికి మామూలుగా 18 నుంచి 24 నెలలు పడుతుంది. ఫలానా రకం బ్రాకెట్ అయితే సగం కాలంలో అయిపోతుందనే ప్రచారమూ అంతే. వైరు తనంతట తానే లాక్ అయ్యే బ్రాకెట్లనీ మామూలువాటినీ పోల్చి చూసిన పరిశోధనల్లో మొత్తం కాలం చెప్పుకోదగ్గంత తగ్గలేదు.

చివరగా, పిల్లల్ని అడగండి. ఒప్పుకోని పిల్లకి బలవంతంగా క్లిప్పులు వేయిస్తే రెండేళ్ళు రోజూ యుద్ధమే. ఏడాది ఆగితే ఏమీ మునిగిపోని కేసైతే ఆగండి.

4. ఏ రకం?

మెటల్ బ్రాకెట్లు గట్టివి, ఎలాంటి కేసుకైనా పనికొస్తాయి. సిరామిక్‌వి పంటి రంగులో కలిసిపోతాయి గానీ కాస్త పెళుసు. అలైనర్లు పారదర్శకంగా ఉండే తొడుగులు. తినేటప్పుడు తీసేయొచ్చు, బ్రష్ చేసుకోవడం తేలిక. కాకపోతే రోజుకి 20 నుంచి 22 గంటలు నోట్లో ఉంటేనే పనిచేస్తాయి. నీళ్ళ సీసా బడిలో మర్చిపోయి వచ్చే పిల్లాడికి అలైనర్లు ఇవ్వాలా వద్దా అన్నది మీరే ఆలోచించుకోండి.

5. వేసే రోజు, ఆ తర్వాతి వారం

కొన్ని రోజుల ముందు దవడ పళ్ళ మధ్య చిన్న రబ్బరు రింగులు దూరుస్తారు, లోహపు పట్టీలకి సందు కోసం. పళ్ళ మధ్య ఏదో ఇరుక్కున్నట్టు చికాగ్గా ఉంటుంది.

అసలు రోజున నొప్పేమీ ఉండదు, సుమారు గంటన్నర నోరు తెరిచి ఉండటమే విసుగు. బుగ్గలు పక్కకి లాగే ప్లాస్టిక్ పెడతారు. పళ్ళ మీద నీలం జెల్ రాసి, అర నిమిషంలో కడిగేస్తారు. ఊదితే పన్ను మంచు పట్టిన అద్దంలా తెల్లగా మసకబారుతుంది. జిగురు అంటుకోవడానికి ఆ గరుకుతనం కావాలి. బ్రాకెట్ అతికించి, నీలి కాంతి చూపిస్తే జిగురు బిగుసుకుంటుంది. చివర్లో దారమంత సన్నటి వైరు. అది నికెల్-టైటానియం కలిసిన లోహం. వంకర పళ్ళని బట్టి వంగినా, తన పాత ఆకారానికి తిరిగి రావాలని చూస్తూ పళ్ళని వెంట తీసుకొస్తుంది. పిల్లలకి నికెల్ పడకపోతే ముందే చెప్పాలి.

నొప్పి కొన్ని గంటల తర్వాత మొదలై, మర్నాటికి బాగా పెరిగి, వారం లోపల తగ్గుతుంది. మెత్తటి తిండి, అవసరమైతే వయసుకి తగిన మోతాదులో పారాసెటమాల్ చాలు. బుగ్గ లోపల పుండ్లు పడితే గ్లాసుడు గోరువెచ్చటి నీళ్ళలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలించడం, గుచ్చుకునే చోట క్లిప్పుల కోసం ఇచ్చే మెత్తటి మైనం అద్దడం.

"ఇంకా బిగిస్తే తొందరగా అవుతుంది కదా" అని మా అమ్మాయి అడిగింది. అవదు. పన్ను కదలాలంటే ఒత్తిడి పడ్డ వైపు ఎముక కరగాలి, ఖాళీ అయిన వైపు కొత్త ఎముక పుట్టాలి. ఆ పని శరీరం తన వేగంతోనే చేస్తుంది, నెలకి సుమారు ఒక మిల్లీమీటరు. ఎక్కువ బిగిస్తే నొప్పి పెరుగుతుంది, పంటి వేళ్ళకి చేటు.

6. ఇంట్లో పని

అన్నిటికంటే ముందు బ్రష్. బ్రాకెట్ చుట్టూ పాచి పేరుకుంటే నెల రోజుల్లోనే పంటి మీద సుద్దముక్కలాంటి తెల్ల మచ్చలు మొదలవుతాయి. క్లిప్పులు తీశాక పళ్ళు వరసగా ఉండి, ఒక్కో పంటి మీద బ్రాకెట్ ఉన్న చోట శుభ్రంగా, దాని చుట్టూ తెల్లటి చట్రం మిగిలితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. మా బంధువులమ్మాయికి అలాగే అయింది.

బ్రష్‌ని ముందు వైరుకి పైనుంచి కిందికి వాల్చి, తర్వాత కిందినుంచి పైకి వాల్చి, బ్రాకెట్ రెండు అంచులూ వేర్వేరుగా తోమాలి. ఆ తర్వాత వైరు కింద సీసా బ్రష్‌లాంటి బుల్లి బ్రష్‌తో ఒక్కో సందూ. పొద్దున, రాత్రి, వీలైతే తిన్న ప్రతిసారీ. పేస్టు ట్యూబు వెనక చూసి, 1350 నుంచి 1500 పీపీఎం ఫ్లోరైడ్ ఉన్నది వాడండి. ఉమ్మేయడం వచ్చిన పిల్లలకి, డాక్టర్ సరేనంటే, 0.05 శాతం సోడియం ఫ్లోరైడ్ మౌత్‌వాష్ బ్రష్ చేయని వేళ ఒకసారి. తోమాక బ్రాకెట్ లోహం తళుక్కుమంటోందా చూడండి. మసకగా ఉంటే మళ్ళీ పంపించండి. 14 ఏళ్ళ పిల్లైనా సరే, మొదటి నెలంతా రాత్రిపూట నోరు తెరవమనండి. విసుక్కుంటుంది, విసుక్కోనివ్వండి.

తిండి విషయంలో గట్టివి, జిగటవి, అతి తీపివి అనే మూడు మాటలు చాలు. పండు ముందు పళ్ళతో కొరకడం మానేసి ముక్కలు కోసుకోవాలి. ఐసు నమలకూడదు, పెన్ను కొరకకూడదు. కూల్ డ్రింకులు తెల్ల మచ్చలకి రాచబాట.

ఆ తర్వాత రబ్బర్లు. వైద్యం సగంలో ఉండగా పై పన్నుకీ కింది పన్నుకీ కలిపి తగిలించుకునే చిన్న రబ్బర్లు ఇస్తారు. వైరు పళ్ళని వరసలో పెడుతుంది, పైనా కిందా జోడు కుదిర్చేది మాత్రం ఎక్కువగా ఈ రబ్బర్లే. రోజుకి దాదాపు 22 గంటలు ఉండాలి, రోజూ కొత్తవి మార్చాలి. నిన్న వేసుకోలేదని ఇవాళ రెండేసి వేసుకుంటే ఒరిగేదేమీ లేదు, పంటికి హాని తప్ప. మా డాక్టరమ్మ "రబ్బర్లు వేసుకుంటున్నావా?" అని ఎప్పుడూ అడగలేదు. "నాన్నా, ఒకసారి తీసి నువ్వే పెట్టుకో" అనేది. రోజూ వేసుకునేవాడు అద్దం లేకుండా రెండు సెకన్లలో తగిలిస్తాడు. మావాడు మొదటిసారి అద్దం అడిగాడు. ఆవిడ ఏమీ అనలేదు, నా వైపు చూసి నవ్వింది. ఆ రోజు నుంచి కొత్త ప్యాకెట్ వాడి దిండు పక్కన, ఇంకోటి బడి సంచిలో.

ఏదైనా విరిగితే కంగారు వద్దు. ఊడిన బ్రాకెట్ సాధారణంగా వైరుకే వేలాడుతుంటుంది. మైనం పెట్టి క్లినిక్‌కి ఫోన్ చేయండి, వచ్చే నెల అపాయింట్‌మెంట్ దాకా ఊరుకోవద్దు. వైరు కొస పొడుచుకుంటుంటే పెన్సిల్ రబ్బరు వైపుతో మెల్లగా పంటి వైపు వంచి, మైనం అద్దండి. చిన్న ముక్క మింగేస్తే చాలావరకు దానంతటదే బయటికి పోతుంది, డాక్టర్‌కి చెబితే చాలు. ముక్క జారాక ఆగని దగ్గు, ఊపిరి ఆడకపోవడం ఉంటే మాత్రం వెంటనే అత్యవసర విభాగానికి పరుగెత్తండి. దెబ్బలు తగిలే ఆటలాడే పిల్లలకి క్లిప్పుల మీద పెట్టుకునే మౌత్‌గార్డ్ అడిగి తీసుకోండి.

7. విసుగొచ్చే నెలలు

పదో నెల దగ్గర చూసేవాళ్ళకి పళ్ళు బాగానే కనిపిస్తాయి. "ఇక తీసేయమను" అని పిల్లలు మొదలుపెడతారు. పరీక్షలొచ్చాయనో, ఊరెళ్ళామనో అపాయింట్‌మెంట్లు తప్పేది ఇప్పుడే. నాలుగు నుంచి ఎనిమిది వారాలకోసారి వెళ్ళాల్సింది నాలుగు నెలలు మానేస్తే, తెగిన రబ్బరో వంగిన వైరో ఎవరూ చూడకుండా పళ్ళని తప్పుదారికి లాగుతూ ఉండొచ్చు. మొదటి రోజు ఫోటో ఫోన్‌లో దాచుకుని, ఇలాంటప్పుడు చూపించండి. మా ఇంట్లో బతిమాలడాల కంటే ఆ ఫోటోనే ఎక్కువ పనిచేసింది.

8. తీసేశాక

క్లిప్పులు తీసిన రోజు పిల్లలు నాలుకతో పళ్ళని తడుముకుంటూనే ఉంటారు, జారుడుగా ఉన్నాయంటూ. వైద్యం అయిపోయిందనుకునేదీ ఆ రోజే. చిగుళ్ళలో పంటిని పట్టుకునే నారలు కొత్త చోటికి అలవాటుపడడానికి నెలల కాలం పడుతుంది. ఆలోపు అవి పన్నుని పాత చోటికే లాగుతాయి. ఆ తర్వాత కూడా వయసుతో పాటు పళ్ళు ఎంతో కొంత కదులుతూనే ఉంటాయి. జ్ఞానదంతాలు తోయడం వల్లే ముందు పళ్ళు మళ్ళీ వంకరపోతాయని అంటుంటారు గానీ, అందుకోసం వాటిని పీకించడానికి తగిన ఆధారాలు లేవు. రిటైనర్ మానేయడం అంతకంటే పెద్ద కారణం.

రిటైనర్లు రెండు రకాలు. పళ్ళ వెనకాల అతికించే సన్నటి వైరు ఒకటి, తీసి పెట్టుకునేది ఇంకొకటి. తీసి పెట్టుకునేది మొదటి నెలల్లో ఎన్ని గంటలో డాక్టర్ చెబుతారు, ఆ తర్వాత రాత్రిళ్ళు. ఎన్నాళ్ళు అంటే, పళ్ళు అలాగే ఉండాలనుకున్నన్నాళ్ళు. వేడినీళ్ళు తగిలితే ప్లాస్టిక్ వంకరపోతుంది కాబట్టి చల్లటి నీళ్ళతోనే కడగాలి. ఎండలో నిలిపిన కారులో వదలకూడదు. కుక్క ఉన్న ఇల్లయితే దానికి అందని చోట పెట్టండి, వాటికి ఈ రిటైనర్లంటే ప్రాణం. అన్నిటికంటే ఎక్కువగా పోయేది తినే ముందు తీసి కాగితంలో చుట్టినప్పుడు. మా అమ్మాయిది అలాగే చెత్తబుట్టలోకి పోయింది. కొత్తది చేయించడానికి మూడు వారాలు బద్ధకించాం. అది వచ్చేలోపే కింది ముందు పన్ను ఒకటి కాస్త తిరిగింది, ఇప్పటికీ అలాగే ఉంది. అందుకే తమ్ముడికి మొదటి రోజే రెండు సెట్లు చేయించాం, గట్టి డబ్బా కొన్నాం, పళ్ళ స్కాన్ ఫైలు ఒక కాపీ అడిగి దాచుకున్నాం. రిటైనర్ విరిగినా, పోయినా అపాయింట్‌మెంట్ కోసం చూడకండి. ఆ రోజే ఫోన్ చేయండి.